నాన్న కోసం చేసిన ప్రార్థన ఫలించలేదు, ఇప్పుడన్నీ సందేహాలే. నా విశ్వాసం పోయినట్టేనా?

అమ్మా, వందనాలు. మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. నాన్నగారికి లివర్ క్యాన్సర్ వచ్చింది. ఇంటిల్లిపాదీ ఉపవాసాలుండి ప్రార్థించారు. ఒక స్వస్థత సభలో ఒకాయన నాన్నగారి తల మీద చెయ్యి పెట్టి, "ఈయన బతుకుతాడని దేవుడు నాతో చెప్పాడు" అన్నాడు. రెండు నెలలకు నాన్నగారు పోయారు. అప్పటి నుంచి మీకు ప్రార్థనలో మాట రావడం లేదు. దేవుడు వింటున్నాడా, బైబిల్లో రాసినవన్నీ నిజమేనా అన్న ప్రశ్నలు వస్తున్నాయి. మీ పాస్టరు గారికి చెప్పుకుంటే ఆయన యాకోబు 1:6 చూపించి, సందేహం సాతాను పని అన్నారు. మీరు సండే స్కూల్ టీచరు. నా విశ్వాసం పోయినట్టేనా, పిల్లలకు పాఠం చెప్పడం మానేయాలా అని అడిగారు.

పోలేదు. "వింటున్నావా లేదా?" అని నిలదీయాలంటే ఎదురుగా ఒకరు ఉన్నారన్న లెక్క ఉండాలి. మీరు ఇంకా ఆయనతోనే మాట్లాడుతున్నారు, స్వరం మారిందంతే. నిజాయితీగా పుట్టే సందేహం పాపం కాదు. బైబిల్లో అలాంటి సందేహంతో వచ్చిన వాళ్లను దేవుడు గెంటేసిన సందర్భం నాకు కనపడలేదు. సందేహాన్ని లోపల తొక్కిపెట్టి పైకి "స్తోత్రం, స్తోత్రం" అంటూ తిరిగినప్పుడే మనిషి లోలోపల ఎండిపోతాడు. అయితే సందేహం పేరుతో వచ్చేదంతా నిజాయితీ గలది కాదు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

నేను చాలా ఏళ్లు ఒక మిషన్ ఆస్పత్రిలో చాప్లిన్‌గా పనిచేసి రిటైరయ్యాను. వార్డుల్లో తిరుగుతూ రోగులతో, వాళ్ల బంధువులతో కూర్చోవడం నా పని. మందిరంలో జనం పాస్టరుకి తమ మంచి ముఖం చూపిస్తారు. ఐసీయూ బయట బల్ల మీద కూర్చున్న వాళ్లకు ఆ ఓపిక ఉండదు. "అయ్యగారూ, నిజంగా వింటాడా ఆయన?" అని సూటిగా అడిగేస్తారు. కాబట్టి మీ ప్రశ్న నాకు కొత్త కాదు. చిన్న ప్రశ్న అని కూడా నేనెప్పుడూ అనుకోలేదు.

ముందు మీ పాస్టరు గారు చూపించిన వచనం సంగతి. సందేహించువాడు "గాలిచేత రేపబడి యెగిరిపడు సముద్ర తరంగమును పోలియుండును" అని యాకోబు రాసిన మాట నిజమే. కానీ దానికి ముందున్న 5వ వచనం కూడా చదవాలి. జ్ఞానం కొదువైన వాడు దేవుణ్ణి అడగాలి, ఆయన "ఎవనిని గద్దింపక అందరికిని ధారాళముగ దయచేయువాడు" అని ఉంటుంది. గద్దించని దేవుడి గురించి చెప్పే చోట నుంచి ఒక వాక్యం తీసి, తండ్రిని పోగొట్టుకున్న ఆడబిడ్డను గద్దించడానికి వాడితే అది సరైన వాడకం కాదు. ఇంకా కిందికి వస్తే యాకోబు "ద్విమనస్కుడు" అంటాడు. నాలుగో అధ్యాయంలో మళ్లీ అదే మాట వాడి, లోకంతో స్నేహం చేస్తూ దేవుడు కూడా కావాలనే వాళ్లను హెచ్చరిస్తాడు. మీ పరిస్థితి అది కానే కాదు. మీకు దేవుడు ఒక్కడే కావాలి, ఆయనే కనపడటం లేదు.

ఇప్పుడు మత్తయి 11 తెరవండి. సందేహం గురించి ఎవరు అడిగినా నేను తోమా దగ్గరికి వెళ్లను, బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికే వెళ్తాను.

యోహాను హేరోదు చెరలో ఉన్నాడు. మృత సముద్రానికి తూర్పున, ఇప్పటి జోర్డాన్ దేశంలో ఉన్న మకేరుస్ కోటలో అతణ్ణి బంధించారని జోసీఫస్ అనే యూదు చరిత్రకారుడు రాశాడు. యొర్దాను ఒడ్డున "ఇదిగో లోకపాపమును మోసికొనిపోవు దేవుని గొఱ్ఱెపిల్ల" అని వేలెత్తి చూపించిన మనిషి ఈయనే. ఆత్మ పావురంలా ఆకాశం నుంచి యేసు మీదికి దిగి రావడం చూసిన మనిషి. ఆయనే చెరలో నుంచి శిష్యుల్ని పంపించి అడిగించాడు: "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?" ఇంతకంటే పెద్ద సందేహం ఏముంటుంది?

యేసు ఏం జవాబిచ్చాడో నిదానంగా చదవండి. గుడ్డివారు చూపు పొందుతున్నారు, కుంటివారు నడుస్తున్నారు, కుష్ఠరోగులు శుద్ధులవుతున్నారు, చెవిటివారు వింటున్నారు, చనిపోయినవారు లేస్తున్నారు, బీదలకు సువార్త ప్రకటించబడుతోంది. వీటిలో చాలావరకు యెషయా గ్రంథంలో ఉన్న మాటలే. కానీ యెషయా 61లో ఇంకొకటి కూడా ఉంది: "చెరలోనున్నవారికి విడుదల". నజరేతు సమాజమందిరంలో యేసు స్వయంగా చదివిన భాగం అది. యోహానుకు పంపిన జవాబులో మాత్రం ఆ ఒక్క మాట లేదు. చెరలో ఉన్న మనిషికి వచ్చిన కబురులో చెర విడుదల లేదు! ఆ తర్వాత మూడు అధ్యాయాలకు యోహాను తల తెగింది.

అంటే మిగతావాళ్లందరికీ జరుగుతున్న మేలు తనకు మాత్రం జరగని చోట యోహాను నిలబడ్డాడు. మీ నాన్నగారి మంచం పక్కన మీరు నిలబడింది కూడా అక్కడే. "నా విషయమై అభ్యంతరపడనివాడు ధన్యుడు" అని యేసు చెప్పి పంపాడు. అది కష్టమైన మాటే, దాన్ని తేలిక చేసి చెప్పడం నా వల్ల కాదు. కానీ తర్వాత జరిగింది చూడండి. యోహాను శిష్యులు వెళ్లిపోతుండగా యేసు జనం వైపు తిరిగి, స్త్రీలు కన్నవారిలో యోహాను కంటే గొప్పవాడు పుట్టలేదన్నాడు. ఆ మాట యోహాను ధైర్యంగా ప్రసంగిస్తున్న రోజుల్లో అనలేదు. సందేహపు ప్రశ్న అందిన రోజే, అందరి ముందూ అన్నాడు. నేను వార్డుల్లో ఈ భాగం చదివిన ప్రతిసారీ వినేవాళ్ల ముఖంలో మార్పు చూశాను. ఏడ్చినవాళ్లు ఉన్నారు.

ఆ స్వస్థత సభలో మాట ఇచ్చిన ఆయన విషయానికి వస్తాను. మీ ప్రశ్నలో మూడు రకాల సందేహాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయాలి, లేకపోతే ఒకదానికి చెప్పే జవాబు ఇంకొకదానికి అతకదు.

మొదటిది, మనిషి మీద సందేహం. "దేవుడు నాతో చెప్పాడు" అన్న మాట జరగలేదు. ద్వితీయోపదేశకాండము 18:22 ఏమంటుందో చూడండి. ప్రవక్త యెహోవా నామమున చెప్పిన మాట జరగకపోతే అది యెహోవా చెప్పిన మాట కాదు, ఆ ప్రవక్త అహంకారముచేతనే దాన్ని చెప్పాడు, దానికి భయపడవద్దు. పౌలు కూడా ప్రవచనాలను నిర్లక్ష్యం చేయవద్దంటూనే, "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నాడు. కాబట్టి ఆయన మాట మీద మీకు అనుమానం వస్తే అది వాక్యానికి లోబడటమే. దేవుడు ఇవ్వని మాటకు దేవుణ్ణి బాధ్యుణ్ణి చేయనక్కర్లేదు.

ఈ విషయంలో నాకు కోపం కూడా ఉంది. ఒకామెను ఎప్పటికీ మరచిపోలేను. చాలా కాలంగా ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. "సూది వేసుకుంటున్నావంటే నీకు నమ్మకం లేనట్టే" అని ఎవరో అన్నారని మానేసింది. ఆయాసపడుతూ, మత్తులో జోగుతుంటే ఆస్పత్రికి మోసుకొచ్చారు. పక్కనున్న సంచిలో ప్రార్థన నూనె సీసా, నూనె మరకలు పడ్డ బైబిలు, సీలు తియ్యని ఇన్సులిన్ ఉన్నాయి. దేవుని దయ వల్ల బతికింది. తేరుకున్నాక నాతో అన్న మాట ఇది: "నాకు అప్పుడే డౌటొచ్చింది అయ్యగారూ. డౌటు పడితే పాపం అంటారని నోరు మూసుకున్నాను." ఆ డౌటు ఆమెకు దేవుడిచ్చిన బుద్ధే అని నేను నమ్ముతాను. దాన్ని పాపమని నేర్పినవాళ్లు ఆమెను చావుదాకా తీసుకెళ్లారు.

రెండోది, బుద్ధికి వచ్చే సందేహం. సువార్తల్లో వివరాలు ఒకదానితో ఒకటి ఎందుకు తేడాగా ఉన్నాయి, చేత్తో రాసుకున్న ప్రతులు మారిపోలేదా, ఇలాంటివి. వీటికి చదవడమే మందు. ఇవి నిన్న మొన్న పుట్టిన ప్రశ్నలు కావు. రెండో శతాబ్దంలో సెల్సస్ అనే తత్వవేత్త క్రైస్తవ విశ్వాసాన్ని చీల్చి చెండాడుతూ ఒక గ్రంథం రాశాడు. యేసు జననం మొదలుకొని పునరుత్థానం దాకా దేన్నీ వదల్లేదు. క్రీ.శ. 248 ప్రాంతంలో ఓరిజెన్ అనే సంఘ పండితుడు దానికి ఎనిమిది భాగాల్లో జవాబు రాశాడు. సెల్సస్ గ్రంథం కాలగర్భంలో కలిసిపోయింది. అందులో ఏముందో ఇవాళ మనకు తెలుస్తున్నదల్లా ఓరిజెన్ వల్లే, ఎందుకంటే ఆయన సెల్సస్ ఆక్షేపణల్లో చాలావాటిని వరసగా ఉదహరించి మరీ జవాబిచ్చాడు. ప్రత్యర్థి ప్రశ్నను మింగేయకుండా తన పుస్తకంలోనే భద్రంగా పెట్టిన మనిషి ఆయన. మన సంఘాల్లో యువతకు ఈ పద్ధతి కావాలి. ఒక కుర్రవాడు లేచి ప్రశ్న అడిగితే, అది ఏమిటో పూర్తిగా వినకముందే "ప్రార్థన చేసుకో బాబూ" అని కూర్చోబెట్టేస్తున్నాం.

మీరు లూకా సువార్త మొదటి నాలుగు వచనాలతో మొదలుపెట్టండి, తాను విచారించి రాస్తున్నానని ఆయనే చెబుతాడు. తర్వాత 1 కొరింథీయులకు 15 చదవండి. సిలువ జరిగిన పాతికేళ్ల లోపే రాసిన పత్రిక అది. పునరుత్థానుణ్ణి ఒకేసారి చూసిన ఐదువందల మందికి పైగా సహోదరుల్లో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని అందులో పౌలు రాశాడు. వీలైతే వేదాంత కళాశాలలో చదువు చెప్పే ఒకరి సహాయం తీసుకోండి. పది నిమిషాల యూట్యూబ్ వీడియో చూసి విశ్వాసం వదిలేయకండి, ఇంకో పది నిమిషాల వీడియో చూసి అన్నీ తేలిపోయాయనీ అనుకోకండి.

మూడోది గాయం. మీ సందేహంలో ఎక్కువ పాలు ఇదేనని నా అంచనా. నాన్న కావాలి, నాన్న లేరు. దీనికి పుస్తకాల్లో జవాబు ఉండదు. ఎవరైనా "దేవునికి ఆయన ఎక్కువ ఇష్టం, అందుకే తీసుకున్నాడు" అంటే విని ఊరుకోండి, మంచి మనసుతోనే అంటారు. కానీ దాన్ని మీరు నమ్మి తీరాలని ఏమీ లేదు. కష్టాల పాలైన యోబుతో అతని స్నేహితులు దేవుణ్ణి సమర్థిస్తూ అధ్యాయాల తరబడి వాదించారు. చివర్లో దేవుడు ఆ స్నేహితుల్లో ఒకడైన ఎలీఫజుతో, "నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు" అన్నాడు. దేవుణ్ణి కోర్టుకీడ్చినంత పని చేసిన యోబు మాట యుక్తమైందట!

కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలే. మనం పాడుకునే పాటల్లో అవి ఎంత తక్కువో గమనించారా? సంతోషంగా ఉన్నవాళ్లకే మందిరం అన్నట్టు తయారైంది. 88వ కీర్తన చదవండి. మిగతా మొరల్లో చివరికొచ్చేసరికి ఎక్కడో ఒక వెలుగు కనిపిస్తుంది, దీనిలో అదీ లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. అది కూడా వాక్యమే. అది కూడా ప్రార్థనే. మీకు మాట రానప్పుడు దీన్ని పైకి చదవండి చాలు.

మదర్ తెరెసా ఉత్తరాలు ఆమె చనిపోయిన పదేళ్లకు, 2007లో, పుస్తకంగా వచ్చాయి. దాదాపు యాభై ఏళ్లు తన లోపల చీకటేనని, దేవుడు ఉన్నట్టే అనిపించడం లేదని ఆమె తన ఆత్మీయ గురువులకు రాసుకుంది. రాస్తూనే కోల్‌కతా వీధుల్లో తన పని చేసుకుపోయింది. ఆ ఉత్తరాల సంగతి తెలిసే కతోలిక సంఘం 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. ఆమె ఆ చీకటిని కనీసం ఇద్దరు ముగ్గురు గురువులకైనా విప్పి చెప్పుకుందన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

తోమా విషయంలో కూడా అంతే. తిరిగి లేచిన యేసు గాయాల్లో వేలు పెడితే గాని నమ్మనన్నాడని అందరూ చెబుతారు. ఆ మాట అన్నాక ఎనిమిది రోజులు అతను ఎక్కడున్నాడు? మిగతా పదిమంది శిష్యుల మధ్యే, అదే గదిలో. వాళ్లు "నీకు విశ్వాసం లేదు, బయటికి నడు" అనలేదు. అతనూ అలిగి వెళ్లిపోలేదు. యేసు వచ్చినప్పుడు గదిలో ఉన్నాడు కాబట్టే "నా ప్రభువా, నా దేవా" అనగలిగాడు. ఆ తోమాయే మన దక్షిణాదికి వచ్చి మైలాపూరు దగ్గర హతసాక్షి అయ్యాడని ఇక్కడి క్రైస్తవుల నమ్మకం.

ఇక నిజాయితీ లేని సందేహం ఎలా ఉంటుందంటే, ప్రశ్న అడుగుతారు గాని జవాబు కోసం ఆగరు. ఏదో ఒక పని చేయాలని ముందే నిర్ణయించుకుని, దానికి అడ్డమొస్తున్న వాక్యం మీద మాత్రమే అనుమానం పెంచుకుంటారు. లేదా బైబిల్లో ప్రతి అక్షరాన్నీ శంకించి, వాట్సాప్‌లో వచ్చింది మాత్రం కళ్లు మూసుకుని నమ్మేస్తారు. మిమ్మల్ని మీరు ఒక్కటి అడిగి చూడండి: జవాబు దొరికితే, అది నాకు కష్టమైనదైనా సరే, దాని ప్రకారం నడుస్తానా? అవును అనిపిస్తే మీ సందేహం నిజాయితీ గలదే.

వార్డులో నాకు తెలిసిన ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. కూతురికి బ్లడ్ క్యాన్సర్. ప్రార్థన చేయనా అంటే వద్దన్నాడు. కూర్చోనా అంటే కూర్చోమన్నాడు. రోజూ సాయంత్రం నేను వెళ్లేసరికి కొత్త ప్రశ్న రెడీగా ఉండేది, నాలుగు మాటలు గట్టిగా అనేవాడు, మళ్లీ టీ తెప్పించేవాడు. పాప దక్కలేదు. చాలా కాలం తర్వాత కనిపిస్తే, జవాబు ఇంకా దొరకలేదన్నాడు. మందిరానికి మాత్రం వెళ్తున్నాడు. పాట పాడేటప్పుడు కొన్ని చరణాల దగ్గర ఆగిపోతాడట. "నమ్మినంత వరకే పాడతాను అయ్యగారూ, మిగతాది పక్కవాళ్లు పాడతారు" అన్నాడు. సంఘం ఎందుకు అని ఎవరు అడిగినా నేను ఇదే మాట చెబుతుంటాను.

ఇప్పుడు మీరు చేయాల్సినవి.

నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, ఉదయం లేవబుద్ధి కాకపోవడం వారాల తరబడి ఉంటే అది విశ్వాసానికి సంబంధించిన విషయం కాదు, డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవుడు ముందు రొట్టె, నీళ్లు, నిద్ర ఇచ్చాడు. ఏలీయాతో మాట్లాడింది ఆ తర్వాతే.

పెద్ద ప్రార్థనలు ప్రయత్నించకండి. మార్కు 9లో ఒక తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని కేక వేశాడు. యేసు ఆ సగం నమ్మకానికే అతని కొడుకును బాగుచేశాడు. ఆ ఒక్క వాక్యం చాలు, అదీ రాకపోతే ఊరికే కూర్చోండి.

సండే స్కూల్ సంగతి. మానేయాలని నేను చెప్పను, కొనసాగించి తీరాలనీ చెప్పను. పాఠం చెప్పే ముందు రోజు గుండె బరువెక్కిపోతుంటే సూపరింటెండెంటుకు చెప్పి కొన్ని నెలలు విరామం తీసుకోండి. కొనసాగిస్తే మాత్రం నమ్మకం కుదరని మాట పిల్లల ముందు అనకండి. మీ క్లాసులో ఒక బాబు "టీచర్, మేమంతా ప్రార్థన చేశాం కదా, మరి తాతగారు ఎందుకు చనిపోయారు?" అని అడిగాడని రాశారు. "నాకూ తెలియదు నాన్నా, నేనూ దేవుణ్ణి అదే అడుగుతున్నాను" అని చెప్పండి. ఆ పిల్లవాడు పెద్దయ్యాక అతనికీ ఒక రోజు ఇలాంటి ప్రశ్న వస్తుంది. దాన్ని దాచుకోవాలని అనుకోకుండా ఉంటే చాలు. నాకు తెలిసిన ఒక కుర్రవాడు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఏళ్ల తరబడి ప్రశ్నలు దాచుకున్నాడు. కాలేజీకి వెళ్లాక ఒక్కసారిగా అన్నీ వదిలేశాడు. అతనికి ప్రశ్నలున్న సంగతి కూడా తల్లిదండ్రులకు అప్పుడే తెలిసింది.

మీ పాస్టరు గారి దగ్గరికి ఇంకొక్కసారి వెళ్లండి. ఈసారి మత్తయి 11, యూదా పత్రిక 22వ వచనం పట్టుకెళ్లండి. "సందేహపడువారిమీద కనికరము చూపుడి" అని అక్కడ రాసి ఉంది. వాదనకు కాకుండా, "అయ్యగారూ, నాకు జవాబు చెప్పకపోయినా ఫర్వాలేదు, నాతో కలిసి ఇది చదవండి" అని అడగండి. చాలామంది పాస్టర్లు భయం వల్ల గద్దిస్తారు, తమ దగ్గర జవాబు లేదని బయటపడుతుందేమోనని. ఒక అవకాశం ఇస్తే మారతారు కూడా. ఆయన మళ్లీ గద్దిస్తే బాధపడకండి, సంఘంలోనే కష్టం చూసిన ఒక పెద్దావిడ ఎవరైనా ఉంటారు, ఆమెతో చెప్పుకోండి. నాన్నగారి సంవత్సరీకపు కూడిక అయ్యేదాకా సంఘం మారడం లాంటి పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకండి. ఎలా ఉన్నారో మళ్లీ ఇక్కడ రాయండి, చూస్తాను.